బొమ్మ కంట్లో కిటికీ

రావే, ఇలా దగ్గరికి జరుగు. ఇంకొంచెం. ఆ తలుపు ఓరగా వేసి మరీ రా. ఇది గొంతు పెంచి చెప్పే సంగతి కాదు. అలాగని కడుపులో దాచుకునేదీ కాదు. ఎందుకు కాదో చివరికి నీకే తెలుస్తుంది.

ఆ రోజు బుధవారం. మూడు దాటి రెండు నిమిషాలైంది. బొమ్మలక్క పనిగది మెట్ల మీద నేనూ, మీ తాతయ్య ఆఖరి చెల్లెలూ నిలబడ్డాం. ఆవిడ డిటెక్టివ్. సంచిలో ఎప్పుడూ భూతద్దం ఉంటుంది గనక ఊరంతా ఆవిణ్ణి భూతద్దం అనేవాళ్ళు. నాకు మాత్రం అమ్మడే. నేను పెళ్ళయి వచ్చేనాటికి దానికి ఆరేళ్ళు. జడలు వేసి బడికి పంపింది నేనే.

"వదినా," అంది మెట్టు ఎక్కబోతూ ఆగి. "లోపల నేను అడిగితే తప్ప నోరు తెరవకు. నీకు దణ్ణం పెడతాను."

"నా నోరేం చేసిందే?"

"సోమవారం నుంచి వీధి వీధంతా ఏం చెప్పావో గుర్తు లేదా?"

గుర్తులేకేం. మరచిపోవడం నాకు చేతకాని పని. బొమ్మలక్క కళ్ళు పెట్టని బొమ్మను వదిలి ఊరు దాటే మనిషి కాదని చెప్పాను. ఇస్త్రీ ఆవిడకు చెప్పాను, బేకరీ ఆవిడకు చెప్పాను, పోలీసులకూ చెప్పాను. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

బొమ్మలక్క అంటే ఎవరో నీకు చెప్పాలి కదా. నూరేళ్ళనాటి బొమ్మలు ఎలా ఉండేవో అలాంటివి ఆవిడ చేత్తో చేసేది. కాగితం నానబెట్టి రుబ్బి, జిగురూ సుద్దపొడీ కలిపి తల పోసేది. గరుకు కాగితంతో రుద్ది, పూత మీద పూత ఏడు పూతలు వేసేది. ఒళ్ళు గుడ్డతో కుట్టి రంపపుపొట్టు దట్టించేది. చివర టీ నీళ్ళతో ఒక తుడుపు తుడిచిందంటే నిన్నటి బొమ్మ కూడా ముత్తవ్వ పెట్టెలోంచి తీసినట్టు ఉండేది. వాటికి గౌన్లూ టోపీలూ కుట్టేది నేను. పదహారేళ్ళు పక్కపక్కన కూర్చుని పనిచేశాం.

ఆదివారం సాయంత్రం ఐదింటికి ఆవిడ చెప్పులు వేసుకుంటూ, "పోలీస్ స్టేషన్ దాకా వెళ్ళొస్తానే," అంది. తన ప్రతి బొమ్మకూ మెడ వెనక చిన్న పిట్ట గుర్తు వేసేది. ఆవిడ బొమ్మలు కొనే పాతసామాన్ల షావుకారు ఆ పిట్టను గీకేసి, నూరేళ్ళనాటివని చెప్పి అమ్ముతున్నాడని ఆ వారమే తెలిసింది. "నా బిడ్డకి ఇంకొకరి పేరు పెడతాడా?" అని ఫిర్యాదు ఇవ్వడానికి బయల్దేరింది. అంతే. మళ్ళీ రాలేదు.

సోమవారం పొద్దున నేను వెళ్ళేసరికి తలుపు దగ్గరగా వేసి ఉంది. బల్ల మీద ఒక ఉత్తరం. 'పని పూర్తి చేశాను. ఊరు విడిచి వెళ్తున్నాను. నన్ను వెతకొద్దు.' రాత ఆవిడదే. కానీ ఆ పక్కనే బొమ్మ ఉంది. దాని ముఖంలో కళ్ళు ఉండాల్సిన చోట రెండు తెల్లటి ఉబ్బులు. ఇంకా కళ్ళు వేయలేదు. పని పూర్తి కావడం అంటే ఇదా?

ఇంకొకటి చెప్పాలి. ఆవిడ గుండె మందుబిళ్ళల డబ్బా కూడా బల్ల మీదే ఉంది. ఏడు రోజులకు ఏడు గళ్ళు. ఆదివారం గడి ఖాళీ, సోమవారం గడి నిండుగా ఉంది. ఒకరోజు తప్పితే గుండె అలుగుతుందని, మూడు రోజులు తప్పితే ఆగుతుందని డాక్టరు నా ముందే అన్నాడు. ఆ బుధవారం మూడో రోజు.

లోపల ఇద్దరు మగవాళ్ళు ఉన్నారు. ఒకడు షావుకారు. రెండోవాడు మీసాల ఇన్‌స్పెక్టరు. ఆరు నెలల కిందట బదిలీ మీద వచ్చాడు. మీసం దువ్వుకోవడానికి జేబులో వేరే దువ్వెన ఉండేదని చెప్పుకునేవాళ్ళు.

"రండి రండి, డిటెక్టివ్ మేడమ్," అన్నాడతను. "తప్పిపోయిన పిల్లులన్నీ దొరికాయా? ఇటు తీరిక చేసుకున్నారు."

"పిల్లులు దొరికాయండీ. మీ స్టేషన్‌లో ఎలుకలు ఎక్కువయ్యాయంటే ఇటు వచ్చాను."

అతను నవ్వలేదు. "అరగంట. మూడున్నరకి ఈ ఫైలు మూసేస్తాను. ఆవిడ ఇష్టపడి వెళ్ళిపోయింది. ఉత్తరం ఉంది, పని పూర్తయి ఉంది. ఇంకేం కావాలి?"

"పని పూర్తయిందా?" అన్నాను నేను. నోరు దానంతట అదే తెరుచుకుంది.

అమ్మడు నా చెయ్యి గిల్లింది.

బల్ల మీద పల్చటి గుడ్డ కప్పి బొమ్మ నిలబెట్టి ఉంది. ముఖం కనిపించడం లేదు. అమ్మడు దాని జోలికి పోలేదు. గది చుట్టూ ఒకసారి తిరిగి గోడకు గుచ్చిన ఆర్డరు చీటీ చదివింది. బల్ల మీది రంగు గొట్టాలను వేలితో వరసగా తాకుతూ పోయింది. ఆ తరువాత షావుకారు ముందు స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఆవిణ్ణి చివరిసారి ఎప్పుడు చూశారు?"

"ఆదివారం పదకొండింటికి. ఆర్డరు గురించి మాట్లాడి వెళ్ళాను."

"ఆ తరువాత?"

"చూడలేదు. నాకేం పని?"

"మీ కొట్టు కాకుండా ఇంకెక్కడైనా గోడౌన్లు, ఇళ్ళు ఉన్నాయా?"

"నా పేరు మీద ఒక్క ఇటుక కూడా లేదు. కావాలంటే వెతుక్కోండి. చూడమ్మా, నాకు వేరే పనులున్నాయి. ఆ ఆకుపచ్చ కళ్ళ బొమ్మను ఇప్పించేస్తే నా దారిన నేను పోతాను."

అమ్మడు నెమ్మదిగా గోడ వైపు చూపించింది.

"ఆ చీటీ మీద 'నల్ల కళ్ళు' అని ఉంది. మీరు ఇచ్చిన ఆర్డరే. బొమ్మ ముఖం మీద గుడ్డ ఉంది. కళ్ళు ఆకుపచ్చవని మీకెవరు చెప్పారు?"

షావుకారు మెడ మీద చెమట పట్టింది. ఇన్‌స్పెక్టరు చటుక్కున మధ్యలోకి వచ్చాడు.

"నేనే చూపించాను. మీరు రాకముందు గుడ్డ తీసి చూపించాను. తప్పా?"

"తప్పేం లేదండీ. అడగడం నా అలవాటు, అంతే." అమ్మడు చాలా వినయంగా అంది. దాని వినయం చూస్తే నాకు భయం. చిన్నప్పుడు కూడా గాజు గ్లాసు పగలగొట్టే ముందే అలా మెత్తగా మాట్లాడేది. "మరి ఈ గదికి సీలు ఎప్పుడు వేశారు?"

"సోమవారం సాయంత్రం ఆరింటికి. తాళమూ సీలూ నా చేత్తో నేనే వేశాను."

"అప్పటికే బొమ్మ పూర్తయి ఉందా?"

"ఉంది. కాగితం మీద రాసి సంతకం పెట్టాను. ఒక బొమ్మ, పూర్తయినది."

"సోమవారం దానికి కళ్ళు లేవు," అన్నాను. ఈసారి గిల్లినా ఆగలేదు.

అతను నా వైపు తిరిగాడు. "ఏమ్మా, నీ వయసెంత? సూదిలో దారం ఎక్కించడానికే పక్కింటి పిల్లని పిలుస్తావట. సోమవారం కంగారులో ఏం చూశావో, ఏం చూడలేదో."

"మధ్యలో సీలు ఎవరైనా తీశారేమో," అంది అమ్మడు అదే మెత్తటి గొంతుతో.

"తీయడమా?" చొక్కా జేబు మీద చరిచి, లోపలి నుంచి తాళంచెవి తీసి ఆవిడ కళ్ళ ముందు ఆడించాడు. "సోమవారం ఆరు నుంచి ఇవాళ మూడింటిదాకా ఇది ఈ జేబులోంచి కదల్లేదు."

నా కళ్ళు ఆ జేబు మీద పడ్డాయి. కుట్టుపని చేసేదాన్ని కదా, ఎంత పెద్ద గొడవలో ఉన్నా నా చూపు కుట్టు మీదకే పోతుంది. జేబు మూత ఒక పక్క ఊడితే ఎవరో ఇటుకరంగు దారంతో, కాకి నడిచినట్టు వంకరటింకరగా కుట్టారు. ఖాకీ చొక్కాకు ఇటుకరంగు దారమేమిటి? ఆ కుట్టు ఎక్కడో చూశానని అనిపించింది. ఎక్కడ? మనసులో ముల్లులా దిగింది గానీ పైకి రాలేదు.

అమ్మడు లేచి బొమ్మ మీద గుడ్డ తీసింది.

ఎన్ని బొమ్మలకు గౌన్లు కుట్టానో నాకే లెక్క లేదు. ఏ బొమ్మనూ చూసి భయపడలేదు. ఆ రోజు మాత్రం భయపడ్డాను. సోమవారం తెల్లగా ఉన్న చోట రెండు ఆకుపచ్చ కళ్ళు నన్నే చూస్తున్నాయి. బొమ్మలక్క చెయ్యే అది. అలాంటి కళ్ళు ఇంకెవరూ వేయలేరు. అంటే సోమవారం పొద్దుటి తరువాత ఎక్కడో కూర్చుని ఆవిడే ఈ కళ్ళు వేసింది. సోమవారం తరువాత బతికే ఉంది.

అమ్మడు నా కొంగుకు అంటుకున్న దారం ముక్క ఒకటి లాగింది. ఇన్‌స్పెక్టరు షావుకారు చెవిలో ఏదో అంటున్న క్షణం చూసి దాన్ని బొమ్మ కంటి మీద వేసింది. ఊదింది. దారం కదల్లేదు. అతుక్కుంది. ఏడు పూతల మీద నూనెరంగు ఆరాలంటే మూడు రోజులు పడుతుందని నేనే దానికి చెప్పాను. దారం తీసి గుప్పిట్లో పెట్టుకుని, భూతద్దం నా చేతికిచ్చింది.

"వదినా, కుట్టుపని కళ్ళు కదా. నువ్వొకసారి చూడు."

ఎందుకు చూడమందో నాకు తెలుసు. బొమ్మలక్కకు ఒక పద్ధతి ఉండేది. కళ్ళు వేసేటప్పుడు కంటిపాపలో తెల్లటి మెరుపు చుక్క పెట్టాలి కదా, అందరూ ఉత్త చుక్క పెట్టి వదిలేస్తారు. ఆవిడ అలా కాదు. ఒంటి వెంట్రుక కుంచెతో, తన ఎదురుగా ఉన్న కిటికీనే ఆ చుక్కలో వేసేది. "కంటికి ఎదురుగా ఏముంటే అది కంట్లో పడాలే. లేకపోతే అది కన్ను కాదు, గుండీ," అనేది. ఆ పనిగది కిటికీ నిలువుగా, నాలుగు అద్దాలతో ఉంటుంది. పదహారేళ్ళుగా ప్రతి బొమ్మ కంట్లోనూ అదే కిటికీ. వట్టి కంటికి చుక్కలాగే ఉంటుంది. ఆ సంగతి ఆవిడకూ నాకూ తెలుసు. నేను చెప్పగా అమ్మడికి తెలుసు.

భూతద్దం పెట్టి చూశాను.

నాలుగు అద్దాల కిటికీ లేదు. కిటికీ గుండ్రంగా ఉంది, బండి చక్రంలా. మధ్యలో అడ్డంగా ఒకటే కమ్మీ. కింద ఎడమ పక్క చిన్న నల్లటి మచ్చ, అద్దం పగిలిన చోట అట్టముక్క అడ్డుపెట్టినట్టు.

ఆ కిటికీకి తెర కుట్టింది నేనే.

మూడు నెలల కిందటి మాట. ఎవరో ఒకావిడ వచ్చి గుండ్రటి కిటికీకి తెర కావాలంది. గుండ్రటి కిటికీకి తెర కుట్టడం అంటే పామును పెట్టెలో చుట్టడమే, కొలత స్వయంగా తీసుకోందే కుదరదన్నాను. ఇష్టం లేకుండానే తీసుకెళ్ళింది. రైలు గేటు అవతల, ఐసు ఫ్యాక్టరీ వెనక, ఒంటరి మేడ. కింద గదుల నిండా పాత సామాన్లు. మేడ మీద ఆ గది. "మా అన్నయ్య కొన్న ఇల్లే, నా పేరు మీద పెట్టాడు. మా ఆయనకి రాత్రి డ్యూటీలు. పగలు వెలుగు పడితే నిద్ర పట్టదు," అంది. డాబా మీద తీగకు ఖాకీ చొక్కాలు ఆరేసి ఉన్నాయి. వాచ్‌మన్ అనుకున్నాను, బస్సు డ్రైవరు అనుకున్నాను. ఖాకీ ఎంతమంది వేసుకోరు? అందులో ఒక చొక్కా జేబు మూత ఇటుకరంగు దారంతో, కాకి నడిచినట్టు...

"ఇలా ఇవ్వమ్మా, ఊడదీసి సరిగ్గా కుట్టిస్తాను," అన్నాను ఆ రోజు ఆవిడతో. "వద్దండీ. ఆయన తనే కుట్టుకున్నారు. ఆయన బట్టలు ఇంకెవరు ముట్టుకున్నా ఊరుకోరు," అంది.

భూతద్దం మీంచి నెమ్మదిగా తల ఎత్తాను. ఎదురుగా ఖాకీ జేబు. ఇటుకరంగు దారం.

"ఏం చూశావమ్మా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

నా జన్మలో నోటిదాకా వచ్చిన మాటను మింగింది ఆ ఒక్కసారే. భూతద్దం కిందికి దించాను. "ఏముంది బాబూ," అన్నాను. "కళ్ళు ఉన్నాయి. మీరన్నట్టు సోమవారం నేనే సరిగ్గా చూడలేదు. వయసైపోయింది."

అమ్మడు నా ముఖంలోకి చూసింది. వదిన తప్పు ఒప్పుకుంది, పైగా రెండు ముక్కల్లో ఊరుకుంది. అంతకంటే పెద్ద ఆధారం దానికి అక్కర్లేదు. "సరేనండీ," అంది. "మీరే నెగ్గారు. ఫైలు మూసుకోండి."

అక్కడితో అయిపోతే బాగుండేది. కానీ అతను నా చేతిలోంచి భూతద్దం తీసుకున్నాడు. బొమ్మ మీదకు వంగాడు. గోడ గడియారం టిక్కు టిక్కుమంటోంది. ఇరవై దాకా లెక్కపెట్టాను. అతను లేచి, భూతద్దాన్ని చప్పుడు లేకుండా బల్ల మీద పెట్టాడు. మీసం కింద పెదవులు తెల్లబడ్డాయి.

"ఈ బొమ్మ సాక్ష్యం. నేను తీసుకెళ్తున్నాను," అన్నాడు. బొమ్మను చంకలో ఇరికించుకుని మెట్లు దిగాడు. షావుకారు వెనకాలే పరిగెత్తాడు. జీపు కదిలిన చప్పుడు వినిపించింది.

మూడు గంటల ఇరవై ఏడు నిమిషాలు.

ఊపిరి కూడా తీసుకోకుండా అమ్మడికి అంతా చెప్పేశాను. తెర, కమ్మీ, అట్టముక్క, జేబు, ఆ ఇల్లు కొన్న అన్నయ్య షావుకారే అయ్యుంటాడనీ, ఆవిడ మొగుడు ఈ ఇన్‌స్పెక్టరేననీ. అది విని ఒక్కటే అంది. "తాళంచెవి తన జేబులోనే ఉందన్నాడు. బొమ్మను ఇక్కడ పెట్టింది అతనే అని అప్పుడే అనుకున్నాను. ఎక్కడ దాచాడో తెలియలేదు. నువ్వు వీధంతా కళ్ళ సంగతి చెప్పబట్టి, ఆ నోళ్ళు మూయడానికి ఆవిడ చేత కళ్ళు వేయించాడు. కంగారులో నల్లరంగు గొట్టం ఈ బల్ల మీదే వదిలి ఆకుపచ్చది పట్టుకుపోయాడు. ఆవిడ ఆ కళ్ళలో చిరునామా పంపింది."

"ఇప్పుడు అతనూ చదివాడు కదే. అక్కడికే పోతున్నాడు."

"జీపు గేటు దాటాలి. మూడున్నర గూడ్సు వస్తే పది నిమిషాలు ఆగాలి. మనం ఇనప వంతెన మీదుగా నడిస్తే పావుగంట. కానీ ఇద్దరు ఆడవాళ్ళం వెళ్ళి ఇన్‌స్పెక్టరును ఏం ఆపుతాం?" మందుబిళ్ళల డబ్బా నా చేతిలో పెట్టింది. "వదినా, ఒక మాట ఒక్కరికే తెలిస్తే ఆ ఒక్కరికీ ముప్పు. ఊరందరికీ తెలిస్తే అదే కాపలా. ఇప్పుడు నోరు తెరువు. ఇక మూయకు."

ఇన్నేళ్ళూ వాగుడుకాయ, వసపిట్ట, లొడలొడ అని నన్ను అనని వాళ్ళు లేరు. నా నోటికి ఎవరైనా పని చెప్పింది అదే మొదలు.

మెట్లు దిగుతూనే ఇస్త్రీ ఆవిణ్ణి కేకేశాను. "ఐసు ఫ్యాక్టరీ వెనక మేడ, గుండ్రటి కిటికీ గది. బొమ్మలక్కను అక్కడ పెట్టి తాళం వేశారు. కనిపించిన వాళ్ళందరికీ చెప్పు." బేకరీ దగ్గర ఫోను ఉంది. బేకరీ ఆవిడ చెల్లెలు ఐసు ఫ్యాక్టరీ ఆఫీసులోనే పనిచేసేది. మూడున్నరకు అక్కడ షిఫ్టు వదులుతారు. "మీ చెల్లికి చెప్పు, షిఫ్టు దిగిన ఆడవాళ్ళందర్నీ ఆ కిటికీ కిందకి తీసుకెళ్ళమను. మందు నేను తెస్తున్నాను." మేడ మీద బట్టలు తీస్తున్న వాళ్ళకు, కిటికీలోంచి తొంగిచూసిన వాళ్ళకు, రిక్షా ఆపి నిలబడ్డవాడికి కూడా చెప్పాను. వాళ్ళందరికీ నేను ఏదో ఒకటి కుట్టిపెట్టినదాన్నే. ఎవరూ ఎందుకని అడగలేదు.

వంతెన ఎక్కేసరికి కింద గేటు పడి ఉంది. గూడ్సు బండి నత్తలా పోతోంది. ఇవతల పక్క, గేటుకు ముక్కు ఆనించినట్టు జీపు. షావుకారు ముందు సీట్లో తల పట్టుకుని కూర్చున్నాడు. పక్కన ఇన్‌స్పెక్టరు ఒళ్ళో బొమ్మ. దాని ముఖం మీద చెయ్యి పెట్టి ఏదో చేస్తున్నాడు. అప్పుడు తల ఎత్తాడు. పైన నడుస్తున్న మమ్మల్ని చూశాడు. నన్నే చూశాడు.

జీపు తలుపు తెరుచుకుంది.

"పరిగెత్తు వదినా."

యాభై రెండేళ్ళు నాకు అప్పుడు, మోకాళ్ళు సరిగ్గా వంగేవి కావు. పరిగెత్తాను. వెనక ఇనప మెట్ల మీద బూట్ల చప్పుడు మొదలైంది. ఠంగు ఠంగుమంటూ అడుగులు దగ్గరవుతున్నాయి. కింద రైలు, వెనక బూట్లు. ఏది నా గుండె చప్పుడో నాకే తెలియలేదు. అవతలి మెట్ల మీద చెప్పు ఒకటి జారిపోయింది. దానికోసం వెనక్కి తిరగలేదు. తిరిగి ఉంటే ఈ కథ నీకు ఇంకెవరో చెప్పాల్సి వచ్చేది.

సందు మలుపు తిరిగేసరికి గోలగా వినిపించింది. తడి గోను పట్టాలు నడుముకు కట్టుకుని, చేతులు చలికి ఎర్రబడిన ఆడవాళ్ళు యాభై మందికి తక్కువ లేరు. నా మాట అక్కడికి చేరేసరికి ఎన్ని రకాలుగా మారిందో. ఒకావిడ మేడకు నిప్పంటుకుందంటుంది. ఇంకొకావిడ లోపల బొమ్మ ఏడుస్తోందంటుంది. మూడో ఆవిడ ఎవరికో పురుడు వచ్చిందని వేడినీళ్ళు కూడా తెచ్చింది. కానీ గుండ్రటి కిటికీ అన్న ముక్క మాత్రం ఎవరి నోట్లోనూ చెడలేదు. అందరూ దాని కిందే నిలబడ్డారు. ఐసు పగలగొట్టే సుత్తితో ఇద్దరు అప్పటికే తాళం కొడుతున్నారు.

పైన నేను కుట్టిన తెర కదిలింది. అట్టముక్క పక్కనుంచి ఒక చెయ్యి కనిపించింది. వేళ్ళ చివర్లు ఆకుపచ్చగా ఉన్నాయి.

"ఆపండి." వెనకనుంచి గొంతు. ఇన్‌స్పెక్టరు రొప్పుతూ వచ్చాడు. జనాన్ని చూసి నిలబడిపోయాడు. ఒక్క క్షణంలో ముఖం మార్చేశాడు. ఆ మార్పు ఇప్పటికీ నా కళ్ళముందే ఉంది. "నేనూ దీనికోసమే వస్తున్నాను. ఇది షావుకారు పని. జీపులోనే ఉన్నాడు, పట్టుకున్నాను. మీరంతా ఇళ్ళకి వెళ్ళండి, మిగతాది పోలీసులు చూసుకుంటారు." జనాన్ని పొమ్మన్నట్టు కుడిచెయ్యి ఎత్తి ఊపాడు.

కొందరు వెనక్కి జరిగారు కూడా. ఖాకీ అంటే అలవాటైన భయం మరి.

అమ్మడు జరగలేదు. దగ్గరికి వెళ్ళి, ఎత్తిన ఆ చెయ్యిని అలాగే పట్టుకుంది.

"మీ బొటనవేలికి ఏమిటండీ, ఆకుపచ్చగా?"

అతను చెయ్యి లాక్కోబోయాడు. ఐసు ఫ్యాక్టరీ ఆవిడ ఒకతి మోచెయ్యి పట్టుకుంది.

"బొమ్మ కళ్ళు తుడిచేశారు కదూ, జీపులో. లోపలి కిటికీ ఎవరికీ కనిపించకూడదని. తుడిస్తే పోయింది. ఎందుకు పోయింది? పచ్చిగా ఉంది గనక. సోమవారానికే పూర్తయిందని మీరు సంతకం పెట్టిన బొమ్మ, మీ తాళం కింద, మీ జేబులో చెవితో ఉన్న బొమ్మ. దాని రంగు బుధవారం మీ వేలికి ఎలా అంటుకుంది?"

తాళం ఊడి నేల మీద పడిన చప్పుడు వినిపించింది. నేను మందు డబ్బా పట్టుకుని మెట్లెక్కి పరిగెత్తాను. బొమ్మలక్క కిటికీ కింద గోడకు ఆనుకుని ఉంది. పెదవులు నీలంగా ఉన్నాయి. బిళ్ళ నాలుక కింద పెట్టాను. చాలాసేపటికి కళ్ళు తెరిచి అడిగిన మొదటి మాట, "కమ్మీ ఒకటే వేశాను, కనిపించిందా?"

"కనిపించిందే."

"ఫిర్యాదు అతని చేతికే ఇచ్చానే," అంది. "వాంగ్మూలం రాయాలి రమ్మని ఇక్కడికి తనే తీసుకొచ్చాడు. ఆ ఉత్తరం కూడా ఇక్కడే బెదిరించి రాయించాడు."

ఆవిణ్ణి మోసుకుని కిందకి దిగాం. ఫోను చేసి పై అధికారులను పిలిపించింది అమ్మడు. వాళ్ళు వచ్చేదాకా ఆ ఆడవాళ్ళు ఇన్‌స్పెక్టరును చుట్టి నిలబడ్డారు. నేను పక్కనుంచి వెళ్తుంటే అతను కొంచెం వంగాడు. నాకు తప్ప ఇంకెవరికీ వినపడనంత నెమ్మదిగా అన్నాడు.

"కళ్ళు తుడిచేశాను. కిటికీ చూసింది నువ్వొక్కదానివే. ఒక నోరు మూయించడం ఎంతసేపు? ఇవాళ కాకపోతే రేపు."

కానీ అమ్మడి మాట చెవిలో ఉంది. అక్కడే, ఆ మెట్ల మీదే కూర్చుని, ఆ యాభై మందికీ మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టాను. ఉత్తరం, మందు డబ్బా, దారం, జేబు, తెర, ఒక్కటీ వదల్లేదు. నేను చెప్తుంటే అతని ముఖంలో రంగు ఒక్కొక్క పూతా ఊడిపోయింది.

ఆ బొమ్మ ఇప్పటికీ నా పెట్టెలో ఉంది. మెడ వెనక పిట్ట ఉంది, ముఖంలో రెండు ఆకుపచ్చ మరకలు ఉన్నాయి. కళ్ళు లేవు. ఆ కిటికీ ఇప్పుడు చెప్పేవాళ్ళ నోట్లో తప్ప ఇంకెక్కడా లేదు. అతనికి ఎన్నేళ్ళ శిక్ష పడిందో, ఎప్పుడు బయటికొచ్చాడో నాకు తెలుసు. ఎక్కడున్నాడో మాత్రం తెలియదు. అందుకే ఇంటికి ఎవరొచ్చినా చెప్తాను.

నువ్వూ గుర్తుపెట్టుకో. చక్రంలాంటి కిటికీ, మధ్యలో ఒకటే కమ్మీ, కింద ఎడమపక్క అట్టముక్క. ఖాకీ జేబుకు ఇటుకరంగు దారం. ఎవరేమన్నా ఇందులో ఒక్క ముక్క కూడా నువ్వు మార్చకు. రేపు బళ్ళో ఎవరితోనైనా చెప్పు, వాళ్ళను ఇంకొకరికి చెప్పమను. అలా చెప్పుకుంటూ పోతే, ఎన్ని నోళ్ళని మూయిస్తాడు?